షెడ్డు ఆంధ్రాలో, ఇల్లు ఒడిశాలో: కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేనే నడుపుకునే బీఎస్-4 డీజిల్ గూడ్స్ వ్యాను ఒక్కటే మా ఇంటికి ఆధారం. నీలం పొగ వస్తోందని పాతపట్నంలో ఒక షెడ్డుకి తీసుకెళ్తే, ఇంజెక్టర్లు పోయాయని మార్చి 38 వేలు తీసుకున్నారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే పొగ. ఇంజనాయిల్ కూడా తాగేస్తోంది. అడిగితే "డీజిల్ బండన్నాక పొగ రాదా?" అంటున్నారు. నా దగ్గర చేతిరాత చీటీ తప్ప బిల్లు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఇంకో మెకానిక్‌తో ఇంజన్ విప్పించకండి. విప్పితే మీ సాక్ష్యం గోవిందా.

మీ ఉత్తరంలో అసలు పాయింటు 'నీలం'. నల్ల పొగ అయితే డీజిల్ సరిగా కాలడం లేదని అర్థం, ఇంజెక్టర్లనో ఎయిర్ ఫిల్టర్‌నో అనుమానించవచ్చు. నీలం పొగ అంటే కాలుతున్నది ఇంజనాయిల్. పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు, టర్బో ఉంటే దాని సీలు చూడాలి. కంప్రెషన్ (సిలిండర్ల లోపలి ఒత్తిడి) కూడా చూడకుండా ఇంజెక్టర్లు మార్చారంటే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టే. చట్టంలో దీన్ని సేవాలోపం అని వాదించవచ్చు.

అయితే ఒకటి నిజం చెప్పండి. "రింగులు పోయాయి, ఇంజన్ దింపాలి" అని షెడ్డువాళ్లు ముందే చెబితే, అంత డబ్బు లేదు, పైపైన చేసిపెట్టమని మీరే అన్నారా? అలాగైతే కేసు బలహీనం.

ఇక ఎక్కడ వేయాలన్న టెన్షన్ వద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. అంటే పర్లాకిమిడిలోని గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. మీరు షెడ్డుకి కట్టింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అద్దెకు తిప్పే బండి వ్యాపారం కిందికి వస్తుందని, మీరు వినియోగదారే కాదని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. స్వయంగా పనిచేసుకుని పొట్టపోసుకోవడానికే అయితే ఆ అభ్యంతరం నిలవదు. నాలుగు బండ్లు పెట్టి డ్రైవర్లతో తిప్పుతుంటే నా జవాబు వేరుగా ఉండేది.

బిల్లు లేకపోయినా చీటీ పనికొస్తుంది. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు దాచండి. ఇవి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలు కాబట్టి అవి అసలువేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, అక్కడ పొగ గుప్పుగుప్పున తన్నుతోందేమో వీడియో తీయండి. వేరే షెడ్డులో కంప్రెషన్ టెస్టు చేయించి, అంకెలతో రాయించుకోండి. ఆ తర్వాతే పాత షెడ్డుకి స్పీడ్ పోస్టులో నోటీసు. నోటీసు తప్పనిసరి కాదు గానీ, సగం తగాదాలు అక్కడే తెగుతాయి.

పొల్యూషన్ టెస్టు కూడా చేయించండి. బీఎస్-4 డీజిల్ బండికి పొగ సాంద్రత పరిమితి మీటరుకు 1.62. ఫెయిలైతే వచ్చే స్లిప్పు తేదీతో సహా మీకో సాక్ష్యం. కాకపోతే ఆ స్లిప్పు జేబులో పెట్టుకుని బండి రోడ్డెక్కించకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10 వేల వరకూ జరిమానా, మూడు నెలల వరకూ జైలు, లైసెన్సుకు మూడు నెలల అనర్హత ఉన్నాయి. చెక్‌పోస్టు దగ్గర "షెడ్డువాడే పాడుచేశాడండీ" అంటే ఎవరూ వినరు.