మెడ గడ్డకి బయాప్సీ చేయించుకోవాలా, నేరుగా టీబీ మందులు మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 31. మాది సూర్యాపేట దగ్గర పల్లె. రెండు నెలలుగా మెడ కుడివైపు, కాస్త వెనకగా గడ్డ ఉంది. నొప్పి లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది, 4 కేజీలు తగ్గాను. మొదట ఊళ్లోనే వారం రోజులు లివోఫ్లాక్సాసిన్, వైసలోన్ మాత్రలు ఇచ్చారు. గడ్డ తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగింది. సూది పరీక్షలో ‘గ్రాన్యులోమాటస్ లింఫాడినైటిస్, ఏఎఫ్‌బీ నెగెటివ్’ అని వచ్చింది. ఒక డాక్టరుగారు టీబీ మందులు మొదలుపెట్టమన్నారు, ఇంకొకరు గడ్డ తీసి బయాప్సీకి పంపాలంటున్నారు. కత్తి తగిలితే కాన్సర్ పాకుతుందని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: బయాప్సీ చేయించుకోండమ్మా. మీరు రాసినదాన్ని బట్టి టీబీ అయ్యే అవకాశమే ఎక్కువ, కాబట్టి మొదటి డాక్టరుగారు అన్నదీ తీసిపారేసే మాట కాదు. కానీ మీ విషయంలో మందులు పది రోజులు ఆలస్యమైతే పెద్దగా నష్టం లేదు. ఏ జబ్బో తేల్చుకోకుండా మొదలుపెడితే మాత్రం, మూడు నెలల తర్వాత గడ్డ తగ్గకపోతే అది మందులకి లొంగని టీబీయా, అసలు టీబీయే కాదా అన్నది అప్పుడు తేల్చడం చాలా కష్టమైపోతుంది.

మీ రిపోర్టులో ఉన్న గ్రాన్యులోమా అనేది జబ్బు పేరు కాదు. ఒక క్రిమినో, ఇంకేదైనా పదార్థాన్నో పూర్తిగా చంపలేనప్పుడు మన తెల్లరక్త కణాలు దాని చుట్టూ గుమిగూడి కట్టే ముద్ద అది. మన దేశంలో మెడ గడ్డలో అది కనిపిస్తే ముందు టీబీనే అనుకుంటాం, చాలాసార్లు అదే అవుతుంది కూడా. అయితే సార్కాయిడోసిస్‌లోనూ, కొన్ని ఫంగస్ జబ్బుల్లోనూ, పిల్లి గీరితే వచ్చే ఇన్ఫెక్షన్‌లోనూ గ్రాన్యులోమాలు వస్తాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల కాన్సర్‌లో కూడా అసలు కాన్సర్ కణాల పక్కనే ఇవి ఉండొచ్చు, సూది సరిగ్గా ఆ పక్కన గుచ్చుకుంటే రిపోర్టులో గ్రాన్యులోమాలే వస్తాయి, కాన్సర్ కణం ఒక్కటీ కనపడదు.

నన్ను ఆలోచింపజేసింది మీరు రాసిన వైసలోన్ సంగతి. అది స్టెరాయిడ్. లింఫోమా గడ్డలు స్టెరాయిడ్‌కి చప్పున కరిగి, ఆపగానే మళ్లీ పెరుగుతాయి. టీబీ వాపు కూడా దాంతో కొంత తగ్గొచ్చు కాబట్టి తగ్గిందని చెప్పి ఇది ఫలానా అని నేననను. కానీ బయాప్సీకి ముందు స్టెరాయిడ్ వాడితే లింఫోమా ఆనవాళ్లు చెరిగిపోయి రిపోర్టు అయోమయంగా రావచ్చు. లివోఫ్లాక్సాసిన్ సంగతీ అంతే, అది టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది, అరకొరగా వాడితే జబ్బు నయం కాదు సరికదా కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, అది పెరగకుండా పోవచ్చు. బయాప్సీ అయ్యేవరకు ఈ రెండూ మళ్లీ వేసుకోకండి. జ్వరం వస్తే పారాసిటమాల్ చాలు. ఈ మాత్రలు ఎప్పుడు, ఎన్ని రోజులు వాడారో సర్జన్‌కి తప్పకుండా చెప్పండి.

టీబీకీ ఈ లింఫోమాకీ మధ్య గందరగోళం ఈనాటిది కాదు. 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్ అనే పాథాలజిస్టు దీన్ని టీబీలోనే ఒక వింత రకం అనుకున్నాడు. 1902లో అమెరికాలో డొరోతీ రీడ్ అనే యువ డాక్టరు గడ్డల ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, ఇది టీబీ కాదు, వేరే జబ్బు అని చూపించింది. ఆ పెద్ద కణాల్ని ఇప్పటికీ ఇద్దరి పేరు మీదా రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలంటాం. అంత పెద్దవాళ్లు పొరబడిన చోట, సూదికి వచ్చిన నాలుగు చుక్కల మీద ఆరు నెలల మందులకి సిద్ధపడమని నేను మీకు చెప్పలేను.

సూది పరీక్షలో విడి కణాలు మాత్రమే వస్తాయి, గ్రంథి లోపల అవి ఏ అమరికలో ఉన్నాయో తెలియదు. లింఫోమాని గుర్తుపట్టడానికి ఆ అమరికే కీలకం. అందుకే గ్రంథిని మొత్తంగా తీసి పంపమంటాం. టీబీ గడ్డని సగం కోసి వదిలితే పుండు మానక చీము కారుతూ ఉండిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ విధంగా చూసినా మొత్తం తీయడమే మంచిది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఆపరేషన్ రోజు సర్జన్‌ని గానీ నర్సుని గానీ, "ముక్కని రెండు సీసాల్లో పంపిస్తున్నారా?" అని అడగండి. మొహమాటపడకండి. చాలాచోట్ల అలవాటుగా గడ్డ మొత్తాన్ని ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్ కణాల ఆకారాన్ని చెడిపోకుండా కాపాడుతుంది, పాథాలజిస్టుకి అది తప్పనిసరి. కానీ అందులో పడ్డ క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ చేయడానికి ఏమీ మిగలదు, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష కూడా ఆ ముక్క మీద నమ్మకంగా చేయలేం. అందుకని గడ్డలో ఒక భాగాన్ని శుభ్రమైన స్టెరైల్ డబ్బాలో కొద్దిగా సెలైన్ వేసి విడిగా పెట్టాలి, ఆలస్యం చేయకుండా మైక్రోబయాలజీ ల్యాబ్‌కి పంపాలి. లింఫోమా అనుమానం గట్టిగా ఉంటే కణాల రకాన్ని గుర్తించే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకి కూడా తాజా ముక్క కావాలి. గడ్డ బయటికొచ్చిన ఆ ఐదు నిమిషాల్లో ఇది జరగకపోతే మళ్లీ ఇంకో గడ్డ కోయాల్సి వస్తుంది. అందుకే ఇంతగా చెప్తున్నాను.

ఏఎఫ్‌బీ అంటే టీబీ క్రిములకి రంగు వేసి మైక్రోస్కోప్‌లో వెతికే పరీక్ష. అది నెగెటివ్ అన్నారు కాబట్టి టీబీ కాదనుకోకండి. కఫంలో అయితే మిల్లీలీటరుకి సుమారు 10,000 క్రిములుంటే గానీ ఆ రంగు పరీక్షలో కనపడవు, సీబీనాట్‌కి నూటముప్పై దాకా ఉన్నా చాలు. మెడ గడ్డల్లో క్రిములు మామూలుగానే తక్కువ. సీబీనాట్ ఫలితం రెండు గంటల్లో వస్తుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్తుంది. అది కూడా నెగెటివ్ వస్తే కల్చర్ కోసం ఆగాలి, దానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు.

"ప్రతి కణితినీ కల్చర్‌కి పంపు, ప్రతి ఇన్ఫెక్షన్‌నీ బయాప్సీకి పంపు" అని ఎముకల సర్జన్లలో ఒక పాత మాట ఉంది. పిల్లల ఎముకల్లో వచ్చే యూయింగ్ సార్కోమా అనే కాన్సర్‌లో జ్వరం వస్తుంది, ఒంట్లో వాపుని సూచించే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష అంకె పెరుగుతుంది, కోస్తే చీములాంటి పదార్థం కూడా రావచ్చు, దాన్ని ఎముక ఇన్ఫెక్షన్ అనుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్లుంటారు. ఇంకోవైపు, చెరువుల్లో స్నానం చేసేవాళ్లకి ముక్కులో ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారేలా కండ పెరిగే రైనోస్పోరిడియోసిస్ ఉంది, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఎక్కువ. చూడ్డానికి కణితిలా ఉంటుంది, నిజానికి ఇన్ఫెక్షన్. ఆ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు, ముక్క తీసి మైక్రోస్కోప్‌లో చూస్తేనే తెలుస్తుంది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కూడా ముక్కులోంచి తీసిన ముక్కే జబ్బుని పట్టించింది. కాబట్టి బయాప్సీ రాశారంటే కాన్సర్ అని అర్థం కాదు, దయచేసి ఈ మాట మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. అలా అనుకోవడానికి కారణం ఉంది. జబ్బు బాగా ముదిరాక బయాప్సీ చేస్తారు, ఆ తర్వాత మనిషి క్షీణిస్తే నేరం కత్తి మీద పడుతుంది. మెడ గ్రంథిని మొత్తంగా తీస్తే కాన్సర్ పాకదు. జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి, వృషణాల్లో కణితి అనుమానం ఉంటే తిత్తిలోంచి సూది గుచ్చకూడదు, కాళ్లూచేతుల్లో సార్కోమా అనుమానం ఉంటే తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే బయాప్సీ దారి నిర్ణయించాలి. మీది ఆ కోవకి రాదు.

మీ గడ్డ మెడ వెనకవైపు ఉందన్నారు, అక్కడ భుజాన్ని పైకెత్తే నరం చర్మానికి దగ్గరగా పోతుంది. అది తెగితే భుజం జారిపోతుంది, చెయ్యి పైకెత్తడం కష్టమవుతుంది. కాబట్టి మెడ ఆపరేషన్లు అలవాటున్న ఈఎన్‌టీ లేదా జనరల్ సర్జన్ దగ్గరే చేయించుకోండి, ఈ నరం గురించి ముందే అడగండి. మిగతాది చిన్న ఆపరేషనే, తరచుగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పాలి, గర్భం వచ్చే అవకాశం ఉంటే అదీ చెప్పాలి. ఈలోపు ఛాతీ ఎక్స్‌రే, షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేయించేయండి.

టీబీ అని తేలితే సాధారణంగా ఆరు నెలల కోర్సు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పోషకాహారం కోసం 2024 నవంబరు నుంచి నెలకి 1,000 రూపాయలు కూడా వస్తున్నాయి. మందులు వాడుతుండగా గడ్డలు కొన్నాళ్లు పెరగడం ఉంది, అప్పుడు హడావుడిగా మందులు ఆపేయకుండా డాక్టరుకి చూపించండి. హాడ్జ్‌కిన్ అయితే టెన్షన్ పడతారని తెలుసు, కానీ కాన్సర్లలో బాగా నయమయ్యేవాటిలో అదొకటి, మీ వయసులో మరీనూ. అప్పుడప్పుడూ కికుచి అనే జబ్బు కూడా తేలుతుంది, చిన్న వయసు ఆడవాళ్లలో ఎక్కువ, చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది, కాకపోతే లూపస్ (మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కోసం రక్తపరీక్ష చేయించాలి. రిపోర్టు ఎటూ తేలకుండా వచ్చి, జ్వరం, గడ్డ అలాగే ఉంటే మాత్రం ఊరుకోకండి. ల్యాబ్‌లో మీ ముక్కతో చేసిన మైనపు బ్లాకులు, స్లైడ్లు భద్రంగా ఉంటాయి, వాటిని అడిగి తీసుకుని హైదరాబాద్‌లోని నిమ్స్‌లోనో ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రిలోనో రెండో పాథాలజిస్టుకి చూపించవచ్చు, కణాల రకాన్ని ప్రత్యేకమైన రంగులతో తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేయించవచ్చు.

ఈలోపు పడుకుంటే ఊపిరాడకపోవడం, ముఖం, మెడ ఉబ్బడం లాంటివి కనిపిస్తే బయాప్సీ తేదీ కోసం చూడకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లండి.