పిల్లల కోసం సినిమాలు కట్ చేస్తున్నాను, పాప మాట్లాడటం మానేసింది

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పాపకు 13 ఏళ్లు, బాబుకు 7. వాళ్లు చూసే సినిమాల్లో బూతులు, పడకగది సీన్లు, రక్తపాతం ఉండకూడదని నా పట్టుదల. డబ్బు పెట్టి కొన్న డిస్కుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, నాకు నచ్చని భాగాలు తీసేసి వేరే కాపీలు చేస్తున్నాను. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక ఇదే పని. మా చెల్లెలి పిల్లలకు కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తుంటాను. ఈ మధ్య పాప స్నేహితురాళ్లు ఒక సినిమాలో తల్లి చనిపోయే సీన్ గురించి చెప్పుకుంటుంటే, ‘అందులో అలాంటి సీనే లేదు’ అని తను వాదించిందట. అందరూ నవ్వారట. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. ‘ఇంకా ఏమేం దాచావు నాన్నా?’ అంది. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. నా భార్యేమో ఇదంతా పిచ్చి, ఆపేయండి అంటోంది. పిల్లల మంచి కోరడం కూడా తప్పేనా?

జవాబు: తప్పు కాదండీ. ఏడేళ్ల పిల్లాడి కళ్ల ముందు పీకలు తెగే సీన్ పెట్టనక్కర్లేదు. అలాంటివి చూసి రాత్రి నిద్రపట్టక ఏడ్చే పిల్లలు ఎందరో. నిద్ర మానుకుని మరీ ఇంత శ్రమ పడుతున్నారంటే పిల్లలంటే మీకెంత ప్రాణమో తెలుస్తూనే ఉంది.

కానీ మీ పాప కోపం మీరు సీన్ తీసేసినందుకు కాదు. తను కళ్లారా చూసిందాన్ని నమ్మి నలుగురిలో గట్టిగా వాదించింది. తను చూసింది అసలు సినిమా కాదని ఆ నలుగురి ముందే తెలిసింది. పదమూడేళ్ల వయసులో ఆ నవ్వులు ఎంత గుచ్చుకుంటాయో ఒక్కసారి ఆలోచించండి. ‘ఇంకా ఏమేం దాచావు’ అనే ప్రశ్న ఒక్క సినిమా గురించి కాదు. ఇంట్లో తనకు చెప్పే మాటల్లో నిజమెంత అని అడుగుతోంది.

కాబట్టి ముందు ఆమెతో కూర్చోండి. ‘నీ వయసుకు ఎక్కువనుకుని తీసేశాను. తీశానని నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా తప్పు’ అనండి. అక్కడ ఆగండి. ‘కానీ నీ మంచి కోసమే కదా’ అని తోక తగిలించారంటే అంతకుముందు అన్నదంతా వృథా. తను అరిస్తే అరవనివ్వండి. తర్వాత మీరు మార్చిన సినిమాల పేర్లన్నీ ఆమెకు ఇవ్వండి. తల్లి చనిపోయే ఆ సినిమాను ఆమెకు ఇష్టమైతే పూర్తిగా, ఏమీ తీయకుండా, మీరూ పక్కన కూర్చుని చూడండి.

ఆ సీన్ గురించి ఇంకో మాట. బూతులు, పడకగది సీన్లు తీశారంటే అర్థమైంది. చావును ఎందుకు తీశారు? పిల్లలు ఏడుస్తారని అయితే, ఏడవనివ్వాల్సింది. కథలో తల్లి పోయినందుకు తండ్రి పక్కన కూర్చుని ఏడవడం పిల్లలకు చెడు చేసేది కాదు. దుఃఖం, అసభ్యం రెండూ ఒకటి కావు. హింస విషయంలో కూడా చూసుకోండి. కొట్టే దెబ్బ ఉంచి, కారే రక్తాన్ని, పడిపోయినవాడి బాధను తీసేస్తే మిగిలేదేమిటి? ఎంత కొట్టినా ఎవరికీ ఏమీ కాదనే లోకం. చిన్నవాడికి అది ఇంకా ప్రమాదం. తీస్తే ఆ పోరాటం మొత్తం తీసేయండి, లేదా ఆ సినిమాను ఇంకొన్నేళ్లు పక్కన పెట్టండి. అలాగే, వద్దంటున్న అమ్మాయి వెంటపడి వేధించే సీన్లు మీ కత్తెరకు దొరికాయా? వాటిలో బూతు ఉండదు, రక్తం ఉండదు, పాట కూడా ఉంటుంది. ఆడపిల్ల తండ్రిగా నేనైతే వాటి గురించే ఎక్కువ మాట్లాడతాను. తీసేయడం కన్నా అక్కడ సినిమా ఆపి ‘ఇది నీకెలా అనిపించింది?’ అని అడగడం మేలు.

ఇక పద్ధతి. సినిమాను కోసి కొత్త కాపీ చేయడం కష్టమైన దారి. తిరిగి కంప్రెస్ చేయకుండా కోస్తే సాధారణంగా కీఫ్రేమ్ (వీడియోలో అక్కడక్కడా వచ్చే పూర్తి బొమ్మ) దగ్గరే తెగుతుంది, అనుకున్న చోట తెగదు. కోశాక సబ్‌టైటిల్స్ ముందువెనుకలవుతాయి. అందుకే మీ రాత్రిళ్లు అలా కరిగిపోతున్నాయి. దీనికి బదులు ఈడీఎల్ ఫైల్ అనే తేలిక మార్గం ఉంది. అది మామూలు టెక్స్ట్ ఫైల్. ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను వరకు, ఏం చేయాలి అని ఒక్కో వరుసలో రాస్తారు. చివర 0 ఉంటే ఆ భాగం దాటేస్తుంది, 1 ఉంటే శబ్దం ఆగుతుంది. ‘కోడి’ (Kodi) లాంటి వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్లు దీన్ని చదువుకుని నడుస్తాయి. అసలు సినిమా చెక్కుచెదరదు. మాట ఆగిన చోట పిల్లలకు తెలిసిపోతుంది. తెలియనివ్వండి, అదే కావాలి. వాళ్లు పెద్దవుతుంటే ఒక్కో వరుస చెరిపేయొచ్చు. ఇదీ వద్దనుకుంటే మీరు ముందుగా ఒకసారి చూసి, పిల్లలతో చూసేటప్పుడు రిమోట్ చేతిలో పెట్టుకుంటే సరిపోతుంది.

మీ చెల్లెలికి పెన్‌డ్రైవ్‌లు ఇవ్వడం మాత్రం ఆపేయండి. అమెరికాలో 2005లో వచ్చిన ఫ్యామిలీ మూవీ చట్టం, ఇంట్లో సక్రమంగా కొన్న సినిమాను చూస్తూ కొన్ని భాగాలు దాటేయడానికి, మ్యూట్ చేయడానికి ఒప్పుకుంది. అయితే మార్చిన కాపీని శాశ్వతంగా తయారు చేయకూడదంది. శుభ్రం చేసిన డిస్కులు అమ్మి, అద్దెకిచ్చిన క్లీన్‌ఫ్లిక్స్‌ లాంటి సంస్థలది కాపీరైట్ ఉల్లంఘనేనని 2006లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. డిస్కుకున్న డిజిటల్ తాళం తీసి కాపీ చేయడం కూడా చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. మీ దగ్గర చట్టం ఏమంటుందో తెలుసుకుని నడుచుకోండి. చట్టం సంగతి అలా ఉంచినా, మీ చెల్లెలి పిల్లలు ఏం చూడాలో తేల్చాల్సింది వాళ్ల అమ్మానాన్నలు.

మీ భార్య ‘పిచ్చి’ అన్నది సినిమాల గురించా, మీరు పక్కన లేని రాత్రిళ్ల గురించా? అడిగి చూడండి. పిల్లలు ఏం చూడాలి, ఏం వద్దు అనే నిర్ణయంలో ఆవిడను ఎప్పుడైనా కలుపుకున్నారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. బాబు విషయం ఇద్దరూ కలిసి తేల్చుకోండి. వాడికీ ‘ఇక్కడ కొంచెం దాటేస్తున్నాం, నువ్వు పెద్దయ్యాక చూద్దువుగాని’ అని మామూలుగా చెప్పేయండి.

ఆ పాత కాపీలను మాత్రం వెంటనే చెరిపేయకండి. పాపతో మాట్లాడక ముందే చెరిపేస్తే, అదీ దాచడమే అనుకుంటుంది. ఏ సినిమాలో ఏమేం తీశావని తను అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. ఆ తర్వాత వాటిని ఏం చేయాలో ఆమెతో కలిసే తేల్చుకోండి.