ఒడ్డు విరిగింది పీతల వల్ల కాదు

ప్రశ్న: మా అరటి తోట నది మలుపు దగ్గర ఉంది. ఒడ్డు ఎత్తు 4 మీటర్లు. మొన్న వరద ఐదు రోజులు నిండుగా పారినా ఒడ్డు చెక్కుచెదరలేదు. నీళ్లు తీసిన మూడో రోజు, వాన లేదు, మంచి ఎండ, అలాంటప్పుడు 60 మీటర్ల పొడవున ఒడ్డు నిలువునా విరిగి నదిలో పడింది. రెండు వరుసల అరటి పోయింది. ఒడ్డు నిండా పీత బొరియలున్నాయి. వాటిలో గుళికల మందు వేసి, అంచున యూకలిప్టస్ నాటమని డీలర్ చెప్పారు. గట్టు మీద గడ్డి లేకుండా ఏటా రెండుసార్లు గడ్డి మందు కొట్టి శుభ్రంగానే ఉంచుతున్నాం. గుళికలు ఏ మోతాదులో వేయాలి?

జవాబు: మోతాదు సున్నా. ఒక్క గుళిక కూడా వేయొద్దు. నదికి ఆనుకున్న మట్టిలో పురుగుమందు పోస్తే అది చేపల్లోకి, పశువులు తాగే నీళ్లలోకి పోతుంది. పీతలు మెత్తటి తడి మట్టి దొరికిన చోట బొరియ చేసుకుంటాయి. వాటి వల్ల కొంత నీరు లోపలికి దిగితే దిగొచ్చు గానీ 60 మీటర్ల ఒడ్డును పడగొట్టే శక్తి వాటికి లేదు.

అసలు సంగతి మీ ఉత్తరంలోనే ఉంది: నీళ్లు తీసిన మూడో రోజు. నది నిండుగా ఉన్నప్పుడు ఆ నీరే ఒడ్డును బయటి నుంచి అదిమి పట్టుకుంటుంది. ఆ ఐదు రోజుల్లో మట్టి లోపలంతా నానిపోయింది. నది గబగబా దిగిపోయింది, మట్టిలోని నీరు అంత వేగంగా దిగలేదు. బయటి ఆసరా పోయింది, లోపలి బరువు మిగిలింది. లెక్క చూడండి. 4 మీటర్ల ఎత్తు, మీటరు మందం ఉన్న పలక ఎండి ఉంటే ప్రతి మీటరు పొడవుకు సుమారు ఆరున్నర టన్నులు తూగుతుంది, నానితే 8 టన్నులు. పైగా తడి మట్టికి పట్టు తక్కువ.

వరద రోజుల్లో జరిగిన పని మీ కంటికి కనపడలేదు. మలుపులో వేగంగా పోయే నీరు బయటి ఒడ్డును రాసుకుంటూ పోతుంది, అడుగున ఒడ్డు పాదాన్ని తొలుస్తుంది. నీటి వేగం రెట్టింపైతే ఆ ఒరిపిడి నాలుగు రెట్లవుతుంది. అలా తీసిన ఇసుకే కాస్త కింద లోపలి ఒడ్డున మేట వేస్తుంది. విరిగిన చోటును అవతలి ఒడ్డు నుంచో పడవలోంచో ఒకసారి చూడండి. పైన బంకమట్టి, దాని కింద ఇసుక పొర ఉండి, ఆ ఇసుకలోంచి ఊట నీరు కారుతూ, నీటితో పాటు ఇసుక కూడా రాలి కింద చిన్న చిన్న కుప్పలు పడుతుంటే, ఆ పైనున్న బంకమట్టి గాలిలో వేలాడుతున్నట్టే. పాదంలో ఎవరైనా ఇసుక తవ్వుతున్నారేమో కూడా చూడండి. తవ్వుతుంటే మిగతా సలహాలన్నీ దండగ, ముందు అది ఆపించండి.

ఇక గడ్డి మందు. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. "శుభ్రంగా" అని రాశారు! ఆ గడ్డి వేర్లే మీ ఒడ్డు పైమట్టిని కుట్టి పెట్టిన దారాలు. గ్లైఫోసేట్ లాంటి మందు ఆకునే కాదు, వేరునూ చంపుతుంది. ఏటా రెండుసార్లు డబ్బు పెట్టి ఆ కుట్లు మీరే విప్పుకున్నారు. గడ్డిలో పురుగు దాక్కుంటుందని, పాములొస్తాయని చెప్పి మందు అమ్మినవాళ్లు ఒడ్డు విరిగాక ఇంకో మందు చేతిలో పెడుతున్నారు. ఈ రోజు నుంచి అంచుకు 10 మీటర్ల లోపు గడ్డి మందు బంద్. మరీ ఎత్తుగా పెరిగితే కొడవలితో జానెడు ఉంచి కోయండి.

యూకలిప్టస్ కూడా వద్దు. నిలువు ఒడ్డు అంచున పొడుగు చెట్టు ఉంటే, గాలి వీచినప్పుడల్లా గునపంతో పెళ్లగించినట్టే. ఇప్పటికే ఒరిగిన చెట్లుంటే మొదలు దగ్గర నరికేయండి, మొద్దును మాత్రం పెకిలించొద్దు. దాని వేర్లు ఇంకొన్నేళ్లు మట్టిని పట్టుకుంటాయి.

అంచుకు 8 మీటర్ల లోపు కాలువ పారించి తడి పెట్టొద్దు, డ్రిప్ అయితే పర్వాలేదు. పొలం నీరు ఒడ్డు మీంచి నదిలోకి దూకకుండా లోపలికి వాలు పెట్టండి. అంచుకు సమాంతరంగా నెర్రెలు కనిపిస్తే అదే తర్వాత విరిగే పలక. మీటరున్నర లోతు నెర్రె వాన నీటితో నిండితే ప్రతి మీటరు పొడవుకు టన్నుకు పైగా బరువుతో బయటికి తోస్తుంది. వానలకు ముందే బంకమట్టితో పూడ్చి దిమ్మిస కొట్టండి, అదీ అంచున నిలబడి కాదు, పొలం వైపు నుంచి.

నది బాగా తగ్గినప్పుడు నిలువు గోడను ఒకటికి రెండు వాలుగా చెక్కాలి. అంటే 4 మీటర్ల ఎత్తుకు 8 మీటర్ల వెడల్పు. అంత నేల పోతుందని బాధగానే ఉంటుంది. మీరు ఇవ్వకపోతే నది ఎలాగూ తీసుకుంటుంది, అదీ ఎంతో చెప్పకుండా. వాలు మీద, ప్రతి మీటరు ఎత్తుకు ఒకటి చొప్పున, మూడు వరుసల వట్టివేరు పెట్టండి. పిలకకూ పిలకకూ 15 సెంటీమీటర్లు. మీ 60 మీటర్లకు వరుసకు 400, మొత్తం 1,200 పిలకలు పడతాయి. ఆకును 20 సెంటీమీటర్లకు కత్తిరించి తొలకరి పడగానే నాటండి. వాన లేకపోతే మొదటి రెండు వారాలు రోజూ తడపాలి. నీడలో అది సరిగా పెరగదు. నీటి అంచున రెల్లు, తుంగ ఉంటే వాటి జోలికి పోవద్దు.

ఒడ్డు పాదానికి మాత్రం గడ్డి చాలదు, రాయి కావాలి. రాయి కింద కంకర వడపోత పొర లేకపోతే సందుల్లోంచి మట్టి జారిపోయి రాళ్లు కూలబడతాయి. సొంతంగా నదిలోకి అడ్డుకట్ట వేస్తే నీరు తిరిగి ఎదుటి రైతు ఒడ్డును తింటుంది, కేసులవుతాయి. ఇది నీటిపారుదల ఇంజనీర్ల పని, అర్జీ ఈ వేసవికి ముందే పెట్టండి.

అంచు నుంచి 2, 4, 6 మీటర్ల దూరంలో మేకులు దిగగొట్టి, ప్రతి వరద తర్వాత అంచు ఎంత దగ్గరైందో కొలిచి రాసుకోండి. అర్జీతో పాటు ఆ లెక్కా జత చేయండి. కొలవడానికి మాత్రం నీళ్లు తీసిన పది రోజుల దాకా వెళ్లొద్దు, గేదెల్నీ అటు కట్టొద్దు.