సౌధం అన్న మాటలో సున్నం

సందేహం: మదురైలోని తిరుమల నాయకుని మహలును గురించిన వ్యాసమొకదానిలో ‘రాతి సౌధం’ అన్న ప్రయోగం చూశాను. సౌధమంటే రాజభవనమేనా, ఏ పెద్ద భవనమైనా కావచ్చునా? సౌధ, ప్రాసాద, హర్మ్య శబ్దాలకు భేదమున్నదా?

సమాధానం: భేదమున్నది. ‘హర్మ్యాది ధనినాం వాసః ప్రాసాదో దేవభూభుజామ్, సౌధోఽస్త్రీ రాజసదనమ్’ అని సంస్కృత నిఘంటువైన అమరకోశంలో అమరసింహుడు. ధనికుల ఇల్లు హర్మ్యం; దేవునిదైనా రాజుదైనా ప్రాసాదం; రాజగృహం సౌధం. ఆ లెక్కన మీరు చూసిన ప్రయోగంలో ‘సౌధం’ సరిగానే ఉన్నది, చిక్కంతా ‘రాతి’ అన్న విశేషణంతోనే.

సుధ అంటే అమృతమని అందరికీ తెలుసు, సున్నమన్న అర్థం మాత్రం మరుగున పడిపోయింది. సుధతో పూత పూసినది కనుక సౌధమైంది. మన ప్రబంధకవులు సౌధాలను వెన్నెలతోనూ కైలాసంతోనూ పోల్చి వర్ణించడం వట్టి అతిశయోక్తి కాదు. ఆ తెలుపు శబ్దంలోనే ఉన్నది. కాల్చిన సున్నాన్ని గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ నీళ్లూ బెల్లపు నీళ్లూ కలిపి, పూసిన పూతను అద్దంలా మెరిసేదాకా రుద్దిన పనివారి నేర్పు ఎరిగినవారికి ఈ వ్యుత్పత్తిని వేరే బోధించనక్కరలేదు.

తెలుగు నాయకరాజులలో పేరెన్నిక గన్న తిరుమల నాయకుడు 1636 ప్రాంతంలో కట్టించిన మహలు ఇందుకు చక్కని ఉదాహరణ. రాయి బొత్తిగా లేదనను గాని, అక్కడి కమానులకూ, స్వర్గవిలాసమనే కొలువుకూటం మీది గుమ్మటానికీ, గోడల పైభాగాన కొలువుదీరిన యాళి (సింహాన్ని పోలిన కల్పిత మృగం) బొమ్మలకూ ప్రాణం ఇటుకా సున్నమే. గవ్వసున్నంలో గుడ్డుసొన కలిపి పెట్టిన నునుపు ఆ స్తంభాలకు పాలరాతి భ్రాంతిని కలిగించేది. అతని మనుమడు చొక్కనాథ నాయకుడు తిరుచిరాపల్లికి తరలించే తలంపుతో ఈ మహలులో చాలా భాగాన్ని ఊడదీయించాడు కనుక, నేడు మనం చూస్తున్నది మిగిలిన భాగమే. మన చంద్రగిరి రాజమహలు కూడా కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టినదే. ఇటువంటివాటిని సౌధమంటే శబ్దమూ వస్తువూ ఒకదానికొకటి సరిపోతాయి.

ఇక బెంగళూరులో 1956లో పూర్తయిన శాసనసభా భవనం, విధాన సౌధ, గ్రానైటు కట్టడం. రాజసదనమూ కాదు, సుధాలిప్తమూ కాదు. అయినా ఆ పేరు రూఢమైపోయింది. రూఢిని కాదనే అధికారం వ్యుత్పత్తికి లేదు కనుక రాతి భవనాన్ని సౌధమన్నవారిని తప్పుపట్టలేను, నేను మాత్రం అలా వ్రాయను.

నాకు నిజంగా కష్టం కలిగించేది వేరొకటి. ‘రాజమహల్ ప్యాలెస్’ అని ఒక్క వస్తువుకే రెండు పేర్లు తగిలించడమూ, ‘రాజప్రసాదం’ అని దీర్ఘం ఎగరగొట్టి రాజభవనాన్ని గుడిలో పంచే పులిహోరగా మార్చడమూ పత్రికలలో నిత్యం చూస్తున్నాము. ‘నగరు’ అన్న సొంపైన మాటకు రాజగృహమనే అర్థమున్నదని ఎందరికి గుర్తున్నది? రాచనగరు అని వ్రాస్తే ఈ దీర్ఘం బెడదే ఉండదు.