సిగ్నల్ ఫుల్, నెట్ నిల్: డిష్ విప్పే ముందు చూడాల్సింది

బిడ్డా,

హన్మకొండలో బిల్డింగుల మీద గాలిలో నెట్ పంపే 60 గిగాహెర్ట్జ్ డిష్‌లు పెట్టే పని నీకు అప్పజెప్పారని మీ బాపు చెప్పాడు. చాలా సంతోషం. నయీంనగర్ ఇంట్లో సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా నెట్ ఆగి ఆగి వస్తోందని టెన్షన్ పడుతున్నావట. పవర్ పెంచాలని మాత్రం చూడకు, రోగం అక్కడ లేదు.

మామూలు వైఫై యాంటెనా నాలుగు దిక్కులా వింటుంది. పక్కన ఎవరైనా పంపుతుంటే తెలుసుకుని ఆగుతుంది. మీ డిష్‌లలా సన్నటి బీమ్‌తో, అంటే టార్చిలైటు వెలుగులా ఒకే దిక్కుకు పోయే సిగ్నల్‌తో, పనిచేసే యాంటెనా చూస్తున్న వైపు తప్ప మిగతా దిక్కులకు దాదాపు చెవిటిది. మీ టవర్ మీది యాంటెనా బీమ్ సుబేదారి ఇళ్ల వైపు తిరిగి ఉండగా నయీంనగర్ నుంచి పిలిస్తే దానికి వినబడదు. జవాబు రాకపోయేసరికి, మధ్యలో ఎవరో అడ్డొచ్చారనుకుని ఆ ఇంటి రేడియో కాసేపు ఆగి మళ్లీ పిలుస్తుంది. ఫెయిలైన కొద్దీ ఆ ఆగే గడువును రెట్టింపు చేసుకుంటూ పోతుంది. చివరికి టవర్ ఖాళీగా ఉన్నా ఇది నోరు మెదపదు. సిగ్నల్ మీటర్‌లో ఇదేదీ కనబడదు, రేడియో రాసుకునే లాగ్‌లో రీట్రైల లెక్క, అంటే ఎన్నిసార్లు మళ్లీ పిలిచిందో, చూడాల్సిందే. ఎవరి వంతు ఎప్పుడో ముందే చెప్పే టైం స్లాట్లు పెట్టడమే దీనికి మందు. 2012లో వచ్చిన 60 గిగాహెర్ట్జ్ వైఫై స్టాండర్డ్ 802.11ఏడీలోనే ఆ ఏర్పాటు ఉంది. మీ రేడియోలో అది ఆన్‌లో ఉందో లేదో చూడు.

ఇక బిగింపు. 30 సెంటీమీటర్ల డిష్ బీమ్ ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ, అంటే అర కిలోమీటరు దూరంలో పది మీటర్ల వెడల్పు. తిప్పుతుంటే సిగ్నల్ పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. మొదట పెరిగిన చోటే నట్టు బిగించేవాళ్లను చాలామందిని చూశాను. అది సైడ్ లోబ్, అంటే అసలు బీమ్ పక్కన ఉండే బలహీనమైన బీమ్, కావచ్చు. ఈ చివర నుంచి ఆ చివరకు, కింది నుంచి పైకి పూర్తిగా తిప్పి చూడు. లెక్కకట్టిన దానికంటే 15, 20 డీబీ (సిగ్నల్ బలాన్ని కొలిచే డెసిబెల్) తక్కువ వస్తుంటే అసలు బీమ్ ఇంకా దొరకలేదన్నమాటే.

దారిలో యాపచెట్టు ఉంటే శిశిరంలో ఆకు రాలినప్పుడు చూసి మోసపోవద్దు, ఉగాదికల్లా కొత్త చిగురు కమ్మేస్తుంది. అంత దూరం ధర్మసాగర్ దాకా లింకు లాగమని ఎవరడిగినా ఒప్పుకోకు. ఈ ఫ్రీక్వెన్సీలో గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు 15 డీబీ దాకా మింగేస్తుంది, పైన వాన దెబ్బ వేరే.

నయీంనగర్ లాగ్ నాకు పంపు. అది చూసేదాకా అక్కడి డిష్ నట్టు విప్పకు. మెట్లు లేని మేడలెక్కేటప్పుడు నిచ్చెన పట్టుకునే మనిషి లేకుండా ఎక్కొద్దు.

మీ పెద్దబాపు