ఆ నర్సమ్మ కారు ఎందుకంత త్వరగా మూలపడేది?

ప్రశ్న: 1951లో అమెరికా పత్రిక 'లైఫ్'లో వచ్చిన ఫొటోలు ఈమధ్య చూశాను. ఓ పల్లెటూళ్లో నల్లజాతి నర్సు ఇంటింటికీ తిరిగి పురుళ్లు పోస్తోంది. అంత డబ్బున్న దేశంలో ఆస్పత్రికి వెళ్లక ఇంట్లో పురుళ్లేమిటండీ? మా అమ్మ ఏఎన్ఎంగా చేసి రిటైరైంది, అందుకే అడుగుతున్నా.
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చూసినవి మాడ్ క్యాలెన్ అనే నర్సు ఫొటోలు, తీసింది యూజీన్ స్మిత్. ఊరు సౌత్ కరోలినాలోని పైన్‌విల్.

ఆస్పత్రంటారా, వెళ్లడానికి ఉంటే కదా! దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు బడి, బస్సు లాగే ఆస్పత్రి కూడా తెల్లవాళ్లకి వేరు, నల్లవాళ్లకి వేరు. చాలాచోట్ల నల్లవాళ్లని గుమ్మం తొక్కనిచ్చేవాళ్లే కాదు. పల్లెల్లో అయితే వాళ్ల పురుళ్లు చాలావరకూ మంత్రసానుల చేతుల మీదే.

క్యాలెన్ 1923లో ఎపిస్కోపల్ చర్చి తరఫున అక్కడికొచ్చి ఇక ఉండిపోయింది. 1936లో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్య శాఖలో చేరింది. పురుళ్లు, టీకాలు ఎలాగూ ఆవిడ పనే. వాటితో పాటు మంత్రసానులకి ట్రైనింగ్ కూడా ఇచ్చేది. చదువు రాని ఆడవాళ్లకి శుభ్రత దగ్గర్నుంచి ఓపిగ్గా నేర్పడం మాటలు కాదు. ఏడాదికి 36 వేల మైళ్లు తిరిగేది, అదీ ఆ మట్టిరోడ్ల మీద. కారేమో తన డబ్బుతో కొనుక్కున్నది, ఏడాదిన్నర తిరిగేసరికి మూలపడేది, తిరుగుడు ఖర్చులో ప్రభుత్వం ఇచ్చేది కొంతే (టీఏ బిల్లుల గోల మీ అమ్మగారికి నేను చెప్పాలా!).

ఆ ఫొటోలు చూసి పాఠకులు వేల డాలర్లు పంపితే 1953లో క్లినిక్ కట్టారు. ఇక్కడ అందరూ చప్పట్లు కొడతారు. నాకైతే కోపమొస్తుంది. ఓ నర్సు 30 ఏళ్లు అరిగిపోయాక, అదీ చందాలతో! ఆవిడ 1971లో రిటైరైంది. తర్వాత కూడా ఊరికే కూర్చోలేదు, ఊళ్లో ముసలివాళ్లకి భోజనాలు పంపింది.

అందరి కథా ఇలాగే ఉండదు. అలబామాలోని మేకన్ కౌంటీలో యూనిస్ రివర్స్ అని ఇంకో నల్లజాతి నర్సు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లకి సరైన వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో చూడటానికి ప్రభుత్వం 1932 నుంచి 1972 దాకా నడిపిన పరిశోధనలో ఈవిడ పనిచేసింది. ఆ రోగాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా వాళ్లకి అందనివ్వలేదు. డాక్టర్లు వచ్చిపోతుండేవాళ్లు, ఏళ్ల తరబడి ఆ రోగులకి తెలిసిన ముఖం రివర్స్‌దే. పరీక్షలకి ఆవిడే కారులో తీసుకెళ్లేది. నర్సమ్మ వచ్చింది కదా అని వాళ్లు ఎక్కేవాళ్లు.