బీరువా ఊరికే ఇస్తామన్నా ఎవరూ రావట్లేదా?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం, ఇనుప బీరువా, పిల్లల సైకిలు ఊరికే ఇస్తామంటే అపార్ట్‌మెంట్ గ్రూపులో పదిమంది "మాకే" అన్నారు, శనివారం రమ్మంటే ఒక్కరూ రాలేదని రాశారు కదండీ. చిక్కు ఆ శనివారం దగ్గరే ఉందేమో! ఇనుప వస్తువు శనివారం ఇంటికి తెచ్చుకోవడానికి చాలామంది జంకుతారు. శుక్రవారమైతే మీ ఇంట్లో పెద్దవాళ్లే గడప దాటనివ్వరు. ఆదివారం పొద్దున్న పెట్టండి.

ఈసారి ఫొటోలో బీరువా అడుగుభాగం కూడా చూపించండి. మన ఊరి ఉప్పుగాలికి కాళ్ల దగ్గర తుప్పు పట్టే ఉంటుంది, దాచినా దాగదు. పోయినేడాది నేను దాచాను. మద్దిలపాలెం నుంచి ట్రాలీ ఆటో మాట్లాడుకొని వచ్చినాయన వేలితో గీకితే రేకు పొరలుపొరలుగా రాలింది. ఆయనకు కిరాయి దండగ, నాకు తల కొట్టేసినట్టయింది. ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచి రాయండి. లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీంచి దింపడానికి మనుషులు కావాలని ముందే చెప్పండి. లాకరులో పాత కాగితాలేమైనా మిగిలాయేమో చూసుకోండి.

పదిమందికీ ఒకేసారి సరేననకండి. ముందు అడిగినవారికి పది గంటల దాకా టైము, రాకపోతే రెండోవారికి. ఊరికే తీసుకోవడానికి మొహమాటపడితే ఒక్క రూపాయి పుచ్చుకోండి. సైకిలు గురించి టెన్షన్ వద్దు, గాలి కొట్టించి ముందు వాచ్‌మన్ గారి పిల్లల్ని అడగండి.